మన మీదుగా పోయే విమానాల నుంచి గాలి, ఉష్ణోగ్రత తీయడం: వరంగల్ వైపు ఎంతవరకు నడుస్తది?

దామెర_యాంటెన్నా · #1

విమానాలు సంకేతాలు పంపే 1090 మెగాహెర్ట్జ్ మీద రిసీవర్ పెట్టి విమానాల మ్యాప్ చూసుడు అందరం చేస్తున్నదే. అడిగేది వేరే. విమానం ముక్కు మీద పిటో గొట్టం (ఎదురు గాలి ఒత్తిడికి), పక్కన స్టాటిక్ రంధ్రాలు (బయటి పీడనానికి), ఉష్ణోగ్రత ప్రోబ్ ఉంటయి కదా. ఆ లెక్కలు మనకు గాలిలో దొరుకుతయా? దొరికితే పైపొరల గాలి, ఉష్ణోగ్రత వరంగల్ మీద ఎంతున్నయో తీయొచ్చా? వాతావరణ బెలూన్ అయితే హైదరాబాద్ బేగంపేటలనే ఎగిరేస్తరు, అది కూడా రోజుకు రెండుసార్లే.

పరికరాలు: ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్), రాస్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్), రెండంతస్తుల డాబా.

ఓరుగల్లు1090 · #2

దొరుకుతాయి. కానీ నేరుగా "బయట ఇంత చలి, గాలి ఇంత" అని చెప్పే సందేశం చాలా అరుదు. బీడీఎస్ 4,4 అనే రిజిస్టర్ (రాడార్‌కు జవాబిచ్చే విమానం రేడియోలో డేటా ఉంచే అర) దానికోసమే ఉంది, కాకపోతే చాలా విమానాలు దాన్ని నింపవు. మనం లెక్కగట్టుకోవాల్సింది ఇంకో రెండు రిజిస్టర్ల నుంచి.

బీడీఎస్ 5,0లో ఉండేవి: ఒరుగు కోణం, నేల మీద దారి దిశ, నేల వేగం, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం అసలు వేగం (టీఏఎస్).
బీడీఎస్ 6,0లో ఉండేవి: ముక్కు దిశ (అయస్కాంత ఉత్తరం నుంచి), ఐఏఎస్ (పిటో ఒత్తిడి నుంచి మీటర్ చూపే వేగం), మాక్ సంఖ్య (టీఏఎస్ ÷ ధ్వని వేగం), ఎక్కుడు దిగుడు వేగం.

ఉష్ణోగ్రతకు ఒక్క లైను చాలు. ధ్వని వేగం ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది కాబట్టి:

ఉష్ణోగ్రత (కెల్విన్‌లలో) = (టీఏఎస్ ÷ (38.97 × మాక్))²

టీఏఎస్ 464 నాట్లు, మాక్ 0.780 అనుకోండి. 38.97 × 0.78 = 30.4. 464ని దానితో భాగిస్తే 15.27, దాని వర్గం 233. అంటే మైనస్ 40 సెల్సియస్. 34,000 అడుగుల దగ్గర మన అక్షాంశంలో ఇది మామూలే. (నాట్లంటే ఇక్కడ వరినాట్లు కాదు, గంటకు 1.852 కిలోమీటర్లు.)

గాలికి వెక్టర్ తీసివేత. నేల వేగం వెక్టర్‌లోంచి టీఏఎస్ వెక్టర్‌ను తీసేస్తే మిగిలేదే గాలి. దారి 90 డిగ్రీలు, నేల వేగం 430, నిజ ఉత్తరానికి సవరించిన ముక్కు దిశ 92, టీఏఎస్ 464 అయితే: తూర్పు వైపు 430 − 463.7 = −33.7. ఉత్తరం వైపు 0 − (−16.2) = +16.2. కలిపితే 37 నాట్లు, 116 డిగ్రీల నుంచి వీస్తోంది. వర్షాకాలంలో ఆ ఎత్తున తూర్పు గాలి ఉండాల్సిందే, కాబట్టి జవాబు నమ్మేలాగే ఉంది.

ఇక అసలు మెలిక. ఈ రెండు రిజిస్టర్లు విమానం తనంతట తాను పంపదు. నేల మీది మోడ్-ఎస్ రాడార్ (ఒక్కో విమానాన్ని దాని చిరునామాతో పిలిచి అడిగేది) 1030 మెగాహెర్ట్జ్ మీద అడిగితేనే 1090 మీద జవాబిస్తుంది. మనం ఆ జవాబును పక్కనుంచి వింటాం. రాడార్ అడగని చోట మన యాంటెన్నా ఎంత మంచిదైనా ఏమీ రాదు.

కాజీపేట_కేబుల్ · #3

ముందుగాల యాంటెన్నా సంగతి చూడు తమ్మీ, లెక్కలు తర్వాత.

1090 మీద అలపొడవు 275 మిల్లీమీటర్లు. పావు అల అంటే 68.8. రాగి తీగ కొంచెం పొట్టిగ కొయ్యాలె, 65-66 పెట్టు. ఇంటి వైరింగ్‌ల వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు. నిలువుగ ఒకటి, కింద 45 డిగ్రీలు వంచి నాలుగు, అవి 70 మిల్లీమీటర్లు. ఖర్చు ఒక పూట చాయ్ టిఫిన్ అంత.

కేబుల్ దగ్గరనే చానామంది దెబ్బతింటరు. సన్న నల్ల కేబుల్, అదే ఆర్‌జీ-58, ఈ ఫ్రీక్వెన్సీల 10 మీటర్లకే 5-6 డెసిబెల్స్ మింగుతది. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 అదే పొడవుకు 2 డెసిబెల్స్ చిల్లర. అది 75 ఓమ్‌లు, డాంగిల్ 50 అని భయపడకు. ఆ తేడాతోని పోయేది లెక్కల రానంత.

సెల్ టవర్ దగ్గరుంటే 935-960 సిగ్నల్ డాంగిల్ గొంతు పిసుకుతది. అప్పుడు ఫిల్టర్ ఉన్న ఆంప్లిఫయర్ కావాలె, అది యాంటెన్నా మొదట్లనే పెట్టాలె, కేబుల్ చివర కాదు. డాంగిల్ గెయిన్ (సిగ్నల్ పెంచే మోతాదు) మొత్తం పెంచి పెట్టుకోవద్దు. మైనస్ 3 డెసిబెల్స్ దాటిన సందేశాలు నూటికి ఐదు మించినయంటే గెయిన్ తగ్గించు.

కోతుల సంగతి వేరే చెప్పాల్నా? పీవీసీ గొట్టంల పెట్టి పైన మూత బిగియ్యి. మూతకు ఎంసీల్ పెట్టు గని నల్ల రంగు మాత్రం వెయ్యకు, కొన్ని నల్ల రంగులల్ల కార్బన్ ఉంటది.

భూపాలపల్లి_బైట్లు · #4

రాడార్ అడుగుతోందా లేదా అన్నది ఊహించక్కర్లేదు, మీ రిసీవరే చెబుతుంది. ఒక గంట ముడి సందేశాలు 30005 పోర్టు నుంచి ఫైల్‌లోకి తీసుకోండి. మొదటి ఐదు బిట్లు సందేశం రకం (డీఎఫ్) చెబుతాయి. అవి చూసి డీఎఫ్ 17 (విమానం తనంతట తాను స్థానం, వేగం పంపే ఏడీఎస్-బీ) ఎన్ని, డీఎఫ్ 20, 21 (రాడార్‌కు ఇచ్చే జవాబులు) ఎన్ని అని లెక్కపెట్టండి. 20, 21 అసలే లేకపోతే దారి మూసుకున్నట్టే. ఉంటే తర్వాతి చిక్కు మొదలవుతుంది: జవాబులో అది ఏ రిజిస్టరో రాసి ఉండదు. అడిగిన రాడార్‌కు తెలుసు, వింటున్న మనకు తెలియదు.

కాబట్టి గుర్తుపట్టాలి. పైమోడ్‌ఎస్ అనే పైథాన్ లైబ్రరీ, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది, ఆ పని చేస్తుంది. విలువ ఉందో లేదో చెప్పే స్టేటస్ బిట్ సున్నా ఉంటే దాని విలువ కూడా సున్నా కావాలి, వేగాలు ఎగిరే విమానానికి కుదరాలి, ఇలాంటి పరీక్షలు పెడుతుంది. 5,0కీ 6,0కీ మధ్య అప్పుడప్పుడు తడబడుతుంది. అలాంటప్పుడు అదే విమానం ఏడీఎస్-బీలో చెప్పిన నేల వేగం, దిశతో పోల్చి ఏది దగ్గరగా ఉంటే అది తీసుకోండి.

ఇంకొకటి, చాలామంది మరిచేది. డీఎఫ్ 17లో తప్పు పట్టే కోడ్ విడిగా ఉంటుంది, సందేశం పాడైతే తెలుస్తుంది. 20, 21లో ఆ కోడ్ మీదే విమానం 24 బిట్ల చిరునామా కలిపేసి ఉంటుంది. లెక్క చేస్తే ఏదో ఒక చిరునామా వస్తుంది, అది నిజమో చెత్తో చెప్పే దిక్కు లేదు. గత నిమిషంలో డీఎఫ్ 17లో కనబడ్డ చిరునామాల జాబితాలో ఉంటేనే ఒప్పుకోండి. ఈ జల్లెడ లేకపోతే మీ గ్రాఫ్‌లో 200 నాట్ల గాలులు వీస్తాయి.

సొంతంగా రాయలేం అనుకుంటే రీడ్‌ఎస్‌బి (సందేశాలు విప్పే సాఫ్ట్‌వేర్) పెట్టి టార్1090 (దాని మ్యాప్ పేజీ) తెరవండి. రిజిస్టర్లు వస్తుంటే విమానం మీద నొక్కగానే గాలి, బయటి ఉష్ణోగ్రత చూపిస్తుంది. చూడ్డానికి సరే. కొలతగా వాడాలంటే సవరణలన్నీ మీరే చేసుకోవాలి.

జనగామ_గ్రాఫ్ · #5

ఎంత దూరం వరకు, ఎంత కిందికి వినబడుతుంది?

ఓరుగల్లు1090 · #6

దూరం కిలోమీటర్లలో ≈ 4.12 × (√మీ యాంటెన్నా ఎత్తు + √విమానం ఎత్తు), ఎత్తులు మీటర్లలో. పది మీటర్ల డాబాకు 35,000 అడుగుల విమానం సుమారు 440 కిలోమీటర్ల దాకా కనబడాలి. 3,000 అడుగుల విమానమైతే 140 లోపే.

మనకు నొప్పి ఇక్కడే. వరంగల్ నుంచి శంషాబాద్ గీత గీస్తే 147 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ ఎక్కే, దిగే విమానం సముద్ర మట్టం నుంచి సుమారు 4,400 అడుగులకు తగ్గితే మనకు భూమి వంపు అడ్డం. శంషాబాద్ రన్‌వే ఎత్తే 2,000 అడుగుల పైచిలుకు. అంటే రన్‌వే పైన మొదటి 2,400 అడుగుల పొర మనకు గుడ్డి. చెట్లు, గుట్టలు కలిపితే ఇంకా ఎక్కువే పోతుంది. మామునూరులో విమానాలు దిగడం మొదలైతే తప్ప కింది పొర వరంగల్ రిసీవర్‌కు దక్కదు. జనగామ, భువనగిరి వైపు ఎవరైనా ఇంకో రిసీవర్ పెట్టి డేటా కలిపితే కొంత నయం.

పైన మాత్రం మన అదృష్టం బాగుంది. ఢిల్లీ–చెన్నై గీత మన పక్కనుంచే పోతుంది. హైదరాబాద్–కోల్‌కతా గీత దాదాపు వరంగల్ నెత్తి మీదుగానే. ఆ కోల్‌కతా విమానాలు శంషాబాద్ నుంచి మన దాకా వచ్చేసరికి ఎక్కుడు చాలావరకు అయిపోతుంది. ఒక్కో విమానం ఒక ఏటవాలు బెలూన్ అన్నమాట.

పాకాల_గాలి · #7

ఏటవాలు అన్న మాట గట్టిగా పట్టుకోండి. బెలూన్ కూడా నిటారుగా పోదు, కానీ ఇక్కడ కింది చివర శంషాబాద్‌లో, పై చివర హనుమకొండ మీద. మధ్యలో ఆలేరు దగ్గర ఒక ఉరుముల మబ్బు ఉంటే ఆ గ్రాఫ్ ఏ ఊరిదీ కాదు.

వాతావరణ శాఖలు ఇదే పనిని దర్జాగా చేస్తాయి. ప్రపంచ వాతావరణ సంస్థ కింద ఆమ్‌డార్ అనే కార్యక్రమం ఉంది. విమానంలోని కంప్యూటరే స్థానం, పీడన ఎత్తు, ఉష్ణోగ్రత, గాలి, కొన్నిట్లో కుదుపుల తీవ్రత కూర్చి నేలకు పంపుతుంది. ఎక్కేటప్పుడు దగ్గర దగ్గరగా, పైన సమంగా పోయేటప్పుడు కొన్ని నిమిషాలకోసారి. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగినప్పుడు ఈ రిపోర్టులు ఒక్కసారిగా పడిపోయాయి, అంచనా కేంద్రాలన్నీ దాని గురించి మాట్లాడుకున్నాయి.

మనం చేసేది దాని పేద చుట్టం. తేడా ఎక్కడంటే, ఆమ్‌డార్‌కు విమానం లోపలి పూర్తి సున్నితమైన అంకె దొరుకుతుంది. మనకు రాడార్ కోసం మొరటుగా కుదించిన అంకె దొరుకుతుంది.

దామెర_యాంటెన్నా · #8

మొరటు అంటే ఎంత? ఒక్క డిగ్రీ అటిటు అయితే పర్వాలేదు కదా.

పాకాల_గాలి · #9

ఒక్క డిగ్రీతో పోదు. మాక్ 0.004 మెట్లలో వస్తుంది, టీఏఎస్ 2 నాట్ల మెట్లలో. సగం మెట్టు తప్పు అనుకుందాం.

34,000 అడుగుల దగ్గర, మాక్ 0.78: మాక్ వల్ల 1.2 డిగ్రీలు, టీఏఎస్ వల్ల 1 డిగ్రీ.
16,000 దగ్గర, మాక్ 0.6 అనుకుంటే: 1.8, 1.4.
కింద మాక్ 0.3 దగ్గర: మాక్ ఒక్కదాని వల్లే దాదాపు 4 డిగ్రీలు.

అంటే మనకు బాగా కావాల్సిన కింది పొరలోనే ఈ పద్ధతి బాగా తప్పుతుంది. మార్చి-ఏప్రిల్‌లో వడగళ్ల కోసం సున్నా డిగ్రీల ఎత్తు చూడాలనుకునేవాళ్లు గమనించండి. ఆ ఎత్తున ఒక్క రీడింగ్‌లో 3 డిగ్రీల తప్పు అంటే ఎత్తులో 450 మీటర్ల తప్పు. కాబట్టి ఒక్క రీడింగ్ గురించి ఎవరూ మాట్లాడొద్దు. వెయ్యి అడుగుల పొర, అరగంట సమయం ఒక గడి చేయండి. ఆ గడిలో కనీసం ఐదు వేర్వేరు విమానాలు ఉంటేనే మధ్యస్థం తీయండి. సగటు వద్దు, ఒక్క చెత్త అంకె సగటును ఈడ్చుకుపోతుంది.

మాక్ 0.78 దగ్గర ప్రోబ్ కొలిచేది బయటి చలి కాదు అన్నది కూడా గుర్తుంచుకోండి. గాలి ఆగి వేడెక్కి 28 డిగ్రీలు పెరుగుతుంది. బయట −40 అయితే ప్రోబ్‌కు తగిలేది −12 చుట్టూ. కంప్యూటర్ దాన్ని వెనక్కి లెక్కగడుతుంది. మబ్బులో ప్రోబ్ తడిస్తే నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది, అప్పుడు తప్పు తక్కువ వైపు ఉంటుంది. బెలూన్‌తో పోలిస్తే పైఎత్తుల్లో విమానాల ఉష్ణోగ్రత కొంచెం ఎక్కువ చూపిస్తుందన్నది అందరికీ తెలిసిన సంగతే.

ఓరుగల్లు1090 · #10

గాలి విషయంలో మెట్ల గొడవ చిన్నది, ముక్కు దిశ గొడవ పెద్దది. 464 నాట్ల మీద ఒక్క డిగ్రీ తప్పయితే అడ్డగాలిలో 8 నాట్లు తప్పు. మనకు అయస్కాంత సవరణ చిన్నదే, పడమటికి ఒక డిగ్రీ చుట్టుపక్కల. దాన్ని ప్రపంచ అయస్కాంత నమూనా నుంచి తీసుకుని కలుపుకుంటే అయిపోయిందనుకుంటారు. అవదు. విమానం పంపే ఈ దిశ దిక్సూచి ముల్లు నుంచి వచ్చేది కాదు. జైరోలు నిజ ఉత్తరం కనుక్కుంటాయి, లోపల దాచిన పట్టిక చూసి దాన్ని అయస్కాంత దిశగా మార్చి మనకు పంపుతాయి. ఆ పట్టిక ఎప్పటిదో విమానాన్ని బట్టి మారుతుంది. మనం కొత్త నమూనాతో వెనక్కి మారిస్తే పాత పట్టిక తప్పు గాలిలోకి వచ్చి కూర్చుంటుంది.

మందు ఏమిటంటే ప్రతి విమానానికీ విడిగా ఖాతా తెరవడం. 24 బిట్ల చిరునామాయే ఖాతా నంబరు. (మన దేశపువి హెక్స్‌లో 80, 81, 82, 83తో మొదలవుతాయి.) ఆ విమానం చూపిన గాలికీ, అదే గడిలో మిగతా విమానాల మధ్యస్థానికీ తేడా తీసి, ఆ తేడాను విమానం దారికి అడ్డంగా ఎంత, దారి వెంబడి ఎంత అని విడగొట్టండి. అడ్డపు తేడా ÷ టీఏఎస్, దాన్ని 57.3తో గుణిస్తే దిశ తప్పు డిగ్రీల్లో. ఇరవైసార్లైనా కనబడ్డాక ఆ అంకె కుదురుకుంటుంది.

ఢిల్లీ–చెన్నై దారి ఇందుకే బంగారం. పోతూ వస్తూ రెండు దిక్కుల్లో దొరుకుతుంది. దిశ తప్పు విమానంతో పాటు తిరుగుతుంది, అసలు గాలి తిరగదు. పోయేటప్పుడు పడమటి గాలి 8 ఎక్కువ, వచ్చేటప్పుడు 8 తక్కువ చూపిందంటే అది వాతావరణం కాదు, పట్టిక.

డచ్ వాతావరణ సంస్థ కేఎన్ఎమ్ఐ మోడ్-ఎస్ గాలులను పనికొచ్చేలా చేసింది ప్రధానంగా ఈ దిశ సవరణతోనే.

భూపాలపల్లి_బైట్లు · #11

నా వైపు నుంచి ఇంకో మూడు జల్లెడలు. 5,0, 6,0 రెండూ వేర్వేరు క్షణాల్లో వస్తాయి. రాడార్ ఒక చుట్టు తిరగడానికి రకాన్ని బట్టి 4 నుంచి 12 సెకన్లు. రెండింటి మధ్య 10 సెకన్లు దాటితే జత కట్టొద్దు. ఒరుగు కోణం 5 డిగ్రీలు దాటితే పారేయండి, మలుపులో ముక్కు దిశ పాతది, దారి దిశ కొత్తది అవుతుంది. మూడోది, టైమ్ అంతా యూటీసీలోనే దాచండి. బెలూన్ 00, 12 గంటల యూటీసీ లెక్క, అంటే మన ఉదయం 5:30, సాయంత్రం 5:30. హైదరాబాద్ స్టేషన్ సంఖ్య 43128. వ్యోమింగ్ విశ్వవిద్యాలయం పేజీలో దొరుకుతుంది.

పోల్చేటప్పుడు మీటర్లతో పోల్చకండి, పీడనంతో పోల్చండి. విమానం చెప్పే ఎత్తు అసలు ఎత్తు కాదు, పీడనానికి ఇంకో పేరు. 10,000 అడుగులంటే 697 హెక్టోపాస్కల్స్, 18,000 అంటే 506, 30,000 అంటే 301, 34,000 అంటే 250.

జనగామ_గ్రాఫ్ · #12

డీఎఫ్ 20, 21 సరిగ్గా రాని చోట అంతేనా? డబ్బా మూసేయాల్నా?

ఓరుగల్లు1090 · #13

మూయక్కర్లేదు. ఏడీఎస్-బీ ఒక్కదానితో రెండు పనులు చేయొచ్చు.

మొదటిది ఉష్ణోగ్రత. ఏడీఎస్-బీ వేగం సందేశంలో ఉపగ్రహ ఎత్తుకూ (విమానం ఎత్తు జీపీఎస్ లెక్కలో) పీడన ఎత్తుకూ తేడా 25 అడుగుల మెట్లలో వస్తుంది. గాలి వేడిగా ఉంటే ఉబ్బుతుంది, పీడన ఎత్తు 6,000 అడుగులు పెరిగేసరికి అసలు ఎత్తు అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. ఒకే విమానం 30,000 నుంచి 36,000కు ఎక్కుతూ ఉంటే ఆ తేడా 350 అడుగులు పెరిగిందనుకోండి. 350 ÷ 6,000 = 5.8 శాతం. ఆ పొర మధ్యలో ప్రామాణిక ఉష్ణోగ్రత 222.8 కెల్విన్. దానికి 5.8 శాతం కలిపితే 235.8. అంటే −37 సెల్సియస్. ఒక మెట్టు తప్పితే 0.9 డిగ్రీ. ఒకే విమానం కాబట్టి దాని ఆల్టిమీటర్ స్థిర తప్పు తీసివేతలో పోతుంది. రెండు వేర్వేరు విమానాలతో మాత్రం ఇది చేయకండి.

మొత్తం తేడాను నేరుగా వాడాలనుకునేవాళ్లకు ఒక గుంట ఉంది. ఉపగ్రహ ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమి ఆకారానికి పెట్టుకున్న దీర్ఘవృత్తాకార నమూనా నుంచి. మన తెలంగాణలో సముద్ర మట్టపు ఉపరితలం ఆ నమూనాకు 70 మీటర్ల పైనే కిందికి ఉంటుంది. ఆ సవరణ మరిస్తే 230 అడుగులకు పైగా తప్పు. ఎక్కుడు పద్ధతిలో అది కూడా కొట్టుకుపోతుంది.

రెండోది గాలి. శంషాబాద్ మీద వాన దంచుతుంటే విమానాలను గుండ్రంగా తిప్పుతారు. విమానం గాలిలో ఒకే వేగంతో తిరుగుతుంటే నేల వేగం ఒక వైపు పెరిగి ఇంకో వైపు తగ్గుతుంది. ఎక్కువ 286, తక్కువ 238 అయితే గాలి (286 − 238) ÷ 2 = 24 నాట్లు. నేల వేగం ఎక్కువున్న దిశకే గాలి వీస్తోంది. కనీసం అర చుట్టు కావాలి, మధ్యలో పైలట్ వేగం మార్చితే ఆ చుట్టు పనికిరాదు.

జనగామ_గ్రాఫ్ · #14

ఒక ఆలోచన. #13లోని ఎత్తు తేడా పద్ధతి ఇచ్చేది తేమ కలిసిన ఉష్ణోగ్రత కదా, తడి గాలి తేలిక కాబట్టి. మాక్ పద్ధతి ఇచ్చేది ఉత్త ఉష్ణోగ్రత. రెండింటి తేడా తీస్తే తేమ రావాలి! తేమ సెన్సర్ లేకుండానే.

పాకాల_గాలి · #15

ఆలోచన శుభ్రంగా ఉంది, అంకెలే ఒప్పుకోవు. వర్షాకాలంలో నేల దగ్గర కిలో గాలిలో 18 గ్రాముల ఆవిరి ఉంటే ఆ తేడా 3.3 డిగ్రీలు. అదే ఎత్తున మాక్ పద్ధతి తప్పు 4 డిగ్రీలు. వినాల్సిన మాట కంటే గోల ఎక్కువ. పైకి పోతే మాక్ పద్ధతి బాగుపడుతుంది, కానీ అక్కడ ఆవిరి ఉండదు. పైగా #6లో చెప్పినట్టు ఆ కింది పొర వరంగల్‌కు కనబడనే కనబడదు.

తేమకు లేజర్‌తో ఆవిరిని కొలిచే డబ్ల్యూవీఎస్‌ఎస్ అనే పరికరం ఉంది, అది ఉన్న విమానాలు ఎక్కువగా అమెరికాలోవి. కాబట్టి మన డేటాతో "ఈ సాయంత్రం ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తడుస్తుందా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పబోవద్దు. ఉరుములకు కింది తేమే మూలం, మన దగ్గర లేనిదీ అదే. పైపొరల గాలి ఎంత, గంటగంటకూ ఎట్లా తిరుగుతోంది, ఎత్తుతో ఎంత మారుతోంది, ఇది చెప్పండి. అది బెలూన్ రోజుకు రెండుసార్లే చెబుతుంది, మీరు రోజంతా చెప్పగలరు. అర్ధరాత్రి దాటాక విమానాలు పల్చబడతాయి, గడులు ఖాళీగా ఉంటే ఖాళీగానే చూపించండి, గీత కలిపి పూడ్చొద్దు.

కాజీపేట_కేబుల్ · #16

ఎండకాలం రాస్‌బెర్రీ పై పెట్టెను డాబా మీద పెట్టకు తమ్మీ. 80 డిగ్రీలకు రాస్‌బెర్రీ తనంతట తనే వేగం తగ్గించుకుంటది, సందేశాలు జారిపోతయి. రేకు డబ్బాల పెడితే మే నెలల అది గంట పని. ఇంట్ల పెట్టి కేబుల్ కిందికి దించు. కరెంటు పోయి వచ్చే ఇండ్లల్ల మెమొరీ కార్డు త్వరగ చెడుతది. లాగ్‌లు ర్యామ్‌ల రాపిచ్చి గంటకోసారి పెన్‌డ్రైవ్‌కు ఎత్తు. ఆంప్లిఫయర్‌కు కరెంటు కేబుల్ల నుంచే పోతది కాబట్టి డాంగిల్ బయాస్-టీ ఆన్ చేసినవా లేదా చూడు. అది మరిచి "యాంటెన్నా పనిజేస్తలేదు" అని అడిగేటోళ్లు నెలకొకరు వస్తరు. పిడుగు కాలంల గొట్టానికి విడి ఎర్తింగ్, ఉరుము మొదలుగాంగనే కేబుల్ ఊడబీకు.

నిర్వాహకుడు · #17

ఒక్క మాట. 131.550, 136.975 మెగాహెర్ట్జ్ మీద వచ్చే అకార్స్ సందేశాల్లో ఆమ్‌డార్ రిపోర్టులు కూడా ఉండొచ్చని ఎవరో ఒకరు రాయబోతారు. అవి ఎయిర్‌లైన్‌కూ విమానానికీ మధ్య సొంత ఉత్తరాలు. విప్పిన పాఠం ఈ వేదికలో పెడితే తీసేస్తాం. ఏడీఎస్-బీ, రాడార్ జవాబుల నుంచి లెక్కగట్టిన గాలి, ఉష్ణోగ్రత పెట్టుకోండి. విమానం చిరునామా తీసేసి గడి మధ్యస్థాలు మాత్రమే.

దామెర_యాంటెన్నా · #18

ఆర్‌జీ-58 తీసేసి ఆర్‌జీ-6 వేస్తున్న. గంట ఫైల్ తీసి డీఎఫ్ లెక్కలు రేపు పెడుత. 20, 21 తక్కువుంటే కోల్‌కతా విమానాల ఎక్కుడు పద్ధతితోని మొదలుపెడుత. బైట్లు అన్నా, ఆ చిరునామా జల్లెడ కోడ్ ఉంటే ఇక్కడ్నే పెట్టుండ్రి.

భూపాలపల్లి_బైట్లు · #19

పెడతాను. కొత్త దారంలో, ఇక్కడ కలిసిపోతుంది.